సోమలింగం సంగతి తరువాత

మా చెల్లెలు నెల తప్పిన సంగతి ఇప్పటికి ఇంట్లో నలుగురికే తెలుసు. తొమ్మిదో వారం. స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం చూసి వచ్చిన సాయంత్రం ఫోను చేసింది. ఇద్దరం కాసేపు ఏడ్చి, నవ్వి, తేరుకున్నాక నేను అడిగిన మొదటి ప్రశ్న, "కాన్పు ఎక్కడ అనుకుంటున్నారు?" అని. జవాబు చెల్లెలి నుంచి రాలేదు. అమ్మ కూడా ఆ కాల్‌లో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. "మూడో నెల నిండనీవే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, ఇప్పటినుంచీ ఏం మాటలవి?" అంది.

అమ్మ సామెత తీసిందంటే ఆ మాట అక్కడితో ఆపాలని అర్థం. ఆపాను. ఆ సామెత మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు. అందులో ఆలూ లేదు, చూలూ లేదు. అందుకే పేరు పెట్టుకున్నవాడు నవ్వులపాలయ్యాడు. మా ఇంట్లో ఆలు ఉంది కదా! పొద్దున లేస్తే వాంతులు, పోపు వాసన తగిలితే పరుగు, మధ్యాహ్నం ఆఫీసులో కళ్ళు మూతలు పడుతున్నా ఎవరికీ చెప్పుకోలేని అవస్థ. ఇన్ని పడుతున్న మనిషి ఒకతి నిక్షేపంగా ఉంది. నేను సోమలింగం సంగతి అడగలేదు, ఆమె సంగతి అడిగాను.

కాన్పు గురించి మూడో నెలలోనే కూర్చుని మాట్లాడుకోవాలని నేను అనేది ఇందుకే. ఆ ఏర్పాట్లన్నీ బిడ్డ కోసమనుకుంటాం కాబట్టి దిష్టికి భయపడి నోరు కట్టుకుంటాం. అవి తల్లి కోసం. కడుపు నిలిచినా నిలవకపోయినా ఆమెకు కావలసినవే.

అమ్మ భయం ఉత్తది కాదు

అమ్మ అలా ఎందుకందో నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట నా తొలిచూలు సరిగ్గా తొమ్మిదో వారంలోనే పోయింది. అప్పటికే నేను ఊరంతా చాటింపు వేశాను. మా ఆయన ఉయ్యాల ఆర్డరు పెట్టారు. అంతా అయిపోయిన వారానికి అది వచ్చి గుమ్మంలో కూర్చుంది. డబ్బా విప్పకుండానే వెనక్కి పంపించింది అమ్మే. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవవని, వాటిలో చాలావరకు మొదటి పన్నెండు వారాల్లోనే పోతాయని, సాధారణంగా అందులో తల్లి చేసిన తప్పేమీ ఉండదని తరువాత డాక్టరు చెప్పారు. ఈ లెక్కలేవీ చదవకుండానే మన పెద్దవాళ్ళు మూడు నెలలు గుట్టుగా ఉండడం నేర్చుకున్నారు. పోతే పోయిందని పదిమందికీ చెప్పుకుంటూ తిరిగే బాధ తప్పుతుంది. ఆ మౌనంలో దయ ఉంది, కాదనను.

అయితే ఆ రాత్రి ఏం జరిగిందో అమ్మకు పూర్తిగా తెలియదు. ఆదివారం, పది దాటింది. రక్తం కనబడింది. నేను చూపించుకునే క్లినిక్ ఎనిమిదికే మూసేస్తారు. ఫోను మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళితే రాత్రిపూట కాన్పుల డాక్టరు ఉండరన్నారు. రెండోచోట లోపలికి తీసుకున్నారు. అక్కడ నర్సు మా ఆయన్ని నా రక్తం గ్రూపు అడిగింది. ఆయనకు తెలియదు. పెళ్ళయి మూడేళ్ళు. నా చెప్పుల సైజు, నా పీఎఫ్ నంబరు, నేను ఉప్మాలో ఏరి పారేసే పప్పు కూడా తెలిసిన మనిషికి నా రక్తం గ్రూపు తెలియదు. నాది ఓ నెగెటివ్. నెగెటివ్ గ్రూపు వాళ్ళు మన దేశంలో నూటికి అయిదుగురు, అటూ ఇటూగా.

ఆ రాత్రి ఆ కడుపును ఎవరూ నిలబెట్టి ఉండలేరు. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. కానీ కారు వెనక సీట్లో ముడుచుకుని గంటన్నర ఊరు తిరిగే గతి తప్పి ఉండేది. రాత్రిపూట తలుపు తీసి ఉండే ఆసుపత్రి ఏదో, నా గ్రూపు ఏమిటో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి ఉంటే చాలు. ఉయ్యాల కొనడానికి తొందరపడ్డాం, ఆ కాగితం రాయడానికి తొందరపడలేదు. మా తప్పు అక్కడ ఉంది. అమ్మ మాత్రం రెండింటినీ ఒక గాటన కట్టేసింది.

ఫైలు చేసిన ప్రయాణం

రెండోసారి నేనూ గుట్టు నేర్చుకున్నాను. అయిదో నెలలో, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ బాగుందన్నాకే అత్తగారికి చెప్పాం. కాన్పు ఎక్కడ అన్న ప్రశ్నే పుట్టలేదు. మొదటి కాన్పు పుట్టింట్లోనే, అందులో అడగడానికి ఏముంది? ఏడో నెలలో సీమంతం, ఎనిమిదో నెలలో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు. సీమంతానికి వచ్చేవాళ్ళ గాజుల సైజులు నెల ముందే కనుక్కున్నారు. నా ఫైలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళుతుందో ఒక్కరూ అనుకోలేదు.

పుట్టింటికి తీసుకువెళ్ళే ఆచారాన్ని నేను తిట్టను. అత్తగారు ఎంత మంచివారైనా ఆ ఇంట్లో పొద్దున తొమ్మిదిదాకా పడుకోవాలంటే ఏదో మొహమాటం ఉంటుంది. పుట్టింట్లో ఆ బాధ లేదు. పిల్లను అమ్మ చేతిలో పెట్టి స్నానానికి పోగల సుఖం ఏ ఆసుపత్రి ప్యాకేజీలోనూ రాదు. నా గొడవ ఆచారంతో కాదు, అది పడే సమయంతో. నెలలు నిండుతున్న సమయంలో, అన్నీ ఒకరి కంటి ముందు నడవవలసినప్పుడు, డాక్టరునూ ఊరునూ మారుస్తాం.

నా విషయంలో ఆ సందులో పడిపోయింది యాంటీ-డి ఇంజెక్షన్. నెగెటివ్ తల్లి ఒళ్ళు పాజిటివ్ బిడ్డ రక్తం మీద తిరగబడకుండా వేసేది అది. తల్లిది నెగెటివ్, తండ్రిది పాజిటివ్ అయితే ఇరవై ఎనిమిదో వారం దగ్గర అది వేస్తారు; బిడ్డది పాజిటివ్ అని తేలితే పుట్టిన 72 గంటల్లోగా మరొకటి. మొదటిసారి కడుపు పోయినప్పుడు నాకు ఒకటి వేశారు. ఒకసారి వేస్తే జన్మకంతా సరిపోతుందనుకున్నాను నేను. నా ఇరవై ఎనిమిదో వారం సీమంతానికీ రైలుకూ మధ్య పడింది. ఇక్కడి డాక్టరు, వెళ్ళేచోట వేస్తారులే అనుకున్నారు. అక్కడి డాక్టరు, వేయించుకునే వచ్చి ఉంటారు అనుకున్నారు. ముప్పై మూడో వారంలో ఏమీ తోచక ఫైలు తిరగేస్తూ మొదటి పేజీలో ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టిన గ్రూపు చూసి నేనే అడిగాను. ఇద్దరూ ఒకే మాట అన్నారు: "మీరు చెప్పలేదే!" ఆలస్యంగానైనా వేశారు, ఏమీ కాలేదు. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఇద్దరు జాగ్రత్తపరుల మధ్య కూడా ఒక పని ఇలా జారిపోతుందని తెలిసింది, అంతే.

డబ్బు సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్సు జాబితాలో మా పుట్టింటి దగ్గరి పట్టణం లేదు. బిల్లు నాన్న కట్టారు; ఆ కాగితాలతో మేము కుస్తీ పట్టి డబ్బు రాబట్టేసరికి మా అమ్మాయి పాకుతోంది. సొంతంగా కొనే పాలసీలయితే సాధారణంగా కాన్పు ఖర్చుకు వేచి ఉండే గడువు పెడతాయి కాబట్టి, నెల తప్పాక కొన్నది ఆ కాన్పుకు అక్కరకు రాదు. అంటే ఈ ఒక్క విషయంలో మూడో నెల కూడా ఆలస్యమే.

ఇక ఆపరేషను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తం మీద 21.5. ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూస్తే తెలంగాణలో 81.5, ఆంధ్రలో 63. ఒక ప్రాంతం మొత్తం మీద సిజేరియన్లు నూటికి పది దాటాక తల్లీబిడ్డల మరణాలు అంతకంతకూ తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఊరు మారడం వల్లే మన దగ్గర ఇన్ని కోతలని నేననను. ముహూర్తాలున్నాయి, డబ్బుంది, నొప్పులంటే భయముంది, ఏదైనా అయితే ఆసుపత్రి మీద పడే జనముంది. అయితే "మీ దగ్గర మొదటి కాన్పుల్లో ఎన్ని ఆపరేషను దాకా వెళతాయి?" అన్న ప్రశ్న మూడో నెలలో అడిగితే దానికి విలువ ఉంటుంది. జవాబు నచ్చకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. ముప్పై ఎనిమిదో వారంలో ఆ డాక్టరు ఎదుట కాళ్ళు వాచిపోయి కూర్చున్నప్పుడు అది ప్రశ్నే కాదు, బతిమాలుకోవడం.

పోయిన శనివారం అమ్మకు చెప్పకుండా మా చెల్లెలు, నేను రెండు చోట్లకు వెళ్ళి వచ్చాం. ఒకచోట డాక్టరు దాకా పోనివ్వలేదు. కౌంటరు అమ్మాయి మామూలు కాన్పుకింత, సిజేరియన్‌కింత, ఏసీ గదికింత అని చదివి, ఫొటోలు ఉచితమని రంగుల కాగితం చేతిలో పెట్టింది. రెండోది చిన్న ఆసుపత్రి. అక్కడి డాక్టరమ్మ మా ప్రశ్నకు కోపగించుకోలేదు. నిరుటి లెక్క నోటితోనే చెప్పి, "మత్తు డాక్టరు రాత్రిళ్ళు ఇక్కడ ఉండరమ్మా, పిలిస్తే అరగంటలో వస్తారు. పసిపిల్లల ఐసీయూ లేదు, అవసరమైతే పంపించాలి. ఇవి తెలిసే రండి" అన్నారు. చెల్లెలు బయటికి వచ్చి, "అక్కా, ఈవిడ దగ్గరే బాగుంది, కానీ ఆ అరగంట భయంగా ఉంది" అంది. ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకోవడానికి ఆరు నెలలుంది, అదే కదా నేననేది.

పెన్ను ఎవరి చేతిలో ఉండాలి

తల్లుల మరణాల మీద 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన వ్యాసం ఒకటి ప్రజారోగ్యం చదివేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. మూడు ఆలస్యాలని వాళ్ళు విడదీశారు: వెళ్దామని నిర్ణయించుకోవడంలో, అక్కడికి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. రెండో ఆలస్యానికి మనకు 2005 నుంచి 108 ఉంది. మూడోది ప్రభుత్వాల పని, ఆసుపత్రుల పని. మొదటిది మాత్రం మన ముందు గదిలో, సోఫాలో కూర్చుని ఉంటుంది.

నాకు ఉమ్మనీరు పోయింది తెల్లవారుజామున రెండింటికి. మా ఇంటి నుంచి ఆసుపత్రికి పన్నెండు కిలోమీటర్లు, కారు వాకిట్లో ఉంది. మేము బయలుదేరింది రెండు గంటల నలభై అయిదుకు. ఆ ముప్పావు గంటలో నాన్న మా అత్తగారికి ఫోను చేశారు, అత్తగారు పంచాంగం చూశారు, మేనత్త నొప్పులు రాకుండా వెళితే కోసేస్తారని చెప్పింది, అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరికీ నా మీద ప్రేమే. ఆ ప్రేమలో "పదండి" అనే అధికారం ఎవరిదో తెలియలేదు.

పొద్దున ఆపరేషను చెయ్యాలన్నారు. సంతకం కావాలి. మా ఆయన రైల్లో ఉన్నారు. "అల్లుడుగారు రాకుండా నేనెలా పెట్టను?" అని నాన్న కాగితం పట్టుకుని వరండాలో తిరుగుతున్నారు. నేను పూర్తి స్పృహలో ఉన్నాను. ముప్పై ఏళ్ళ దాన్ని, చార్టర్డ్ అకౌంటెంటుని, బతుకంతా సంతకాలే. ఎవరికీ నా చేతికి పెన్ను ఇవ్వాలని తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ అడగాలని తోచలేదు. చివరికి ఒక ముసలి ఆయా, "ఆ పిల్లతోనే పెట్టించరాదూ?" అంది. చట్టమూ అదే చెబుతుందని తరువాత తెలిసింది.

అందుకే మా చెల్లెలి నోటుపుస్తకంలో మొదటి పేజీలో ఆసుపత్రి పేరు లేదు. "నేను స్పృహలో ఉంటే నేనే. లేకపోతే ఆయన. ఆయన అందకపోతే అక్క" అని ఉంది. అది రాసిన రాత్రి చెల్లెలి భర్త, మా మరిది, కాసేపు ముభావంగా ఉన్నాడట. "ఇది మా అమ్మకు చెప్పాలా?" అని అడిగాడట. చెప్పాలి బాబూ, కాన్పు రోజున కాకుండా ఇప్పుడే చెప్పాలి, కోపం వస్తే తగ్గడానికి టైము ఉంటుంది అన్నాను.

పేట్లబుర్జు వెళ్ళిన అమ్మాయి

ఇదంతా చదువుకున్నవాళ్ళ చాదస్తమని మీరు అనవచ్చు. నాకూ అలాగే అనిపించేది, మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురి కార్డు చూసేవరకు. మూడో నెలలోనే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పేరు రాసుకుంది. ఏ ఆసుపత్రి, ఏ బండి, వెంట ఎవరు వస్తారు, ఇంట్లో పెద్ద పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు అని అడిగింది. ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయని గుర్తు చేసింది. గర్భిణుల బండి కోసం పిలిచే 102 నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకున్నారు. హైదరాబాదులోని పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో కాన్పయింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్రం 2016లో చెప్పిన సంగతి నాకు తెలిసింది ఆ అమ్మాయి వల్లే. ఆమె పక్కన వాళ్ళమ్మ ఉంది. డబ్బు కట్టి వెళ్ళిన నా పక్కన ఎవరినీ ఉండనివ్వలేదు.

ఆశా అడిగే ఆ నాలుగు ప్రశ్నలూ మన అపార్ట్‌మెంట్లలో ఎవరూ అడగరు. డబ్బుంది కదా, ఎలాగో జరిగిపోతుందనుకుంటాం. అమెరికాలో ఉన్న మనవాళ్ళను చూడండి: మూడో నెల రాగానే అమ్మ వీసాకు స్లాటు వెతుకుతారు, వచ్చేది ఎప్పుడు, ఉండేది ఎన్నాళ్ళు అని క్యాలెండరు ముందు కూర్చుంటారు. అప్పుడు ఏ అమ్మా సోమలింగం పేరు ఎత్తదు. కాన్సులేటు దగ్గర దిష్టి తగలదు కాబోలు.

నాకూ ఉన్న అనుమానం

డల్లాస్‌లో ఉండే నా స్నేహితురాలు తన కాన్పు ఎలా జరగాలో రెండు పేజీలు టైపు చేసుకుని వెళ్ళింది. లైట్లు మందంగా ఉండాలి, నడుముకు ఇంజెక్షన్ వద్దు, బిడ్డను వెంటనే గుండెల మీద పెట్టాలి. బిడ్డ గుండె వేగం పడిపోయి పది నిమిషాల్లో ఆపరేషను గదిలోకి తోశారు. తల్లీబిడ్డా క్షేమం. అయినా ఏడాది దాకా ఆమె ఆ రెండు పేజీలు గుర్తొస్తే ఏడ్చేది, పరీక్ష తప్పినట్టు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్నారు, కనేదానికీ అంతే. డాక్టరు చెప్పిన తేదీకే పుట్టేవాళ్ళు ఇరవైమందిలో ఒకరు. ఇలాంటి వ్యవహారానికి పథకం వేయడమే అహంకారమేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. నేను మొదట పంపిన ప్రశ్నలు ముప్పై ఒకటి. నాలుగు రోజులకు మా చెల్లెలు, "అక్కా, ఇది చదివినప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. కాన్పు కంటే నీ లిస్టే భయంగా ఉంది" అంది. నా భయాలన్నీ మూటగట్టి దాని నెత్తిన పెట్టానని అప్పుడు తెలిసింది. కొట్టివేతలు మొదలుపెట్టాం. లైట్లు, పాటలు, సంచిలో ఏం సర్దాలి, అన్నీ పోయాయి. జీతంతో సెలవు 26 వారాలు, అందులో ఎనిమిది దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. అది ఆఫీసు వాళ్ళను అడిగితే తెలుస్తుంది, అదీ పోయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది, మా మరిది కంపెనీలో అయిదు. ఆ లెక్క మాత్రం ఉంచాం, అతను చూసుకుంటాడని. చివరికి అరపేజీ మిగిలింది: పెన్ను ఎవరిది, రాత్రి ఎక్కడికి, రక్తం ఎవరిస్తారు, ఊరు మారేట్టయితే ఏ వారంలో, ఫైలు ఎవరి చేతికి, మొదటి నలభై రోజులు ఎవరుంటారు. పుట్టింటికి వెళ్ళాలా, ఇక్కడే ఉండి అమ్మను పిలిపించుకోవాలా అన్నది ఖాళీగానే ఉంది. అది అమ్మతో మాట్లాడితే కాని నిండదు. అమ్మేమో మాట్లాడదు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక అమ్మ ఫోను చేసింది. వర్షాలు, కరెంటు కోత, ఎదురింటివాళ్ళ అమ్మాయి పెళ్ళి, అన్నీ అయ్యాయి. చెల్లెలి ప్రస్తావన లేదు. ఇక పెట్టేస్తుందనగా, "మీ మరిదిగారి తమ్ముడు ఒకడున్నాడు కదే, బెంగుళూరు నుంచి వచ్చేశాడన్నారు. అతనిది ఏం బ్లడ్డు గ్రూపు?" అంది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"ఊరికే అడిగాను. మన పెదబాబుదీ, పక్క వీధి మాస్టారిదీ అయితే నెగెటివే. ఇద్దరూ ఓ నే. రాసుకున్నాను."